థాయ్ భాషాభ్యాసానికి ‘ఈడీ’ వీసా.. ప్రవేశపత్రంతోనే తొలి అడుగు

అనుమతి ఉన్న విద్యాసంస్థనే ఎంచుకోవాలి
తరగతులకు గైర్హాజరైతే గడువు పొడిగింపు కష్టమే
ఉద్యోగం చేస్తే జరిమానా, దేశ బహిష్కరణ

బ్యాంకాక్ అనగానే విహారయాత్రలే స్ఫురిస్తాయి. అయితే వ్యాపారం, పర్యాటకం, అనువాదం, బౌద్ధ అధ్యయనం వంటి అవసరాల కోసం థాయ్ భాష నేర్చుకునేందుకు ఆ దేశం వెళ్లేవారూ ఉన్నారు. నెలల తరబడి అక్కడే ఉండి చదువుకోవాలంటే పర్యాటకులకు ఇచ్చే అనుమతి చాలదు. ‘నాన్ ఇమ్మిగ్రెంట్ ఈడీ’గా వ్యవహరించే విద్యార్థి వీసా పొందాలి. దీని నిబంధనలు తెలియక దళారుల మాటలు నమ్మితే డబ్బుతోపాటు భవిష్యత్తునూ కోల్పోయే ప్రమాదముంది.

తెలుగువారికి కొంత సులువే

థాయ్ భాషలో 44 హల్లులు, 5 స్వరస్థాయిలు ఉన్నాయి. ఒకే అక్షర సముదాయాన్ని స్వరం మార్చి పలికితే అర్థమే మారిపోతుంది. తెలుగువారికి కష్టమనిపించేది ఇదే. లిపి విషయంలో మాత్రం కొంత అనుకూలత ఉంది. దక్షిణ భారతదేశపు పల్లవ లిపి నుంచి ఖ్మేర్ లిపి, దాని నుంచి థాయ్ లిపి రూపొందాయి. అందుకే హల్లుల క్రమం మన వర్ణమాలను పోలి ఉంటుంది. పాళీ, సంస్కృత పదాలూ విస్తారం. భాషను ‘ఫాసా’ అని, గురువును ‘ఖ్రూ’ అని, విశ్వవిద్యాలయాన్ని ‘మహావిత్థయాలై’ అని అంటారు.

ఎక్కడ చేరాలి?

థాయ్ విద్యామంత్రిత్వ శాఖ అనుమతి పొందిన ప్రైవేటు భాషా పాఠశాలలు, విశ్వవిద్యాలయాలు విదేశీయులకు కోర్సులు నిర్వహిస్తున్నాయి. 1917లో ఏర్పడిన చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయంలో విదేశీయులకు తీవ్రస్థాయి శిక్షణ ఉంది. ప్రైవేటు పాఠశాలల్లో వారానికి కొద్ది గంటల తరగతులతో ఏడాది వరకు సాగే కోర్సులు లభిస్తాయి. రుసుము చెల్లించే ముందే ఆ సంస్థకు విదేశీ విద్యార్థులకు వీసా పత్రాలు ఇచ్చే అధికారం ఉందో లేదో నిర్ధారించుకోవాలి.

దరఖాస్తు ఇలా..

ముందుగా పాఠశాలలో పేరు నమోదు చేసుకుని ప్రవేశపత్రం పొందాలి. ప్రైవేటు సంస్థ అయితే సంబంధిత ప్రభుత్వ శాఖ ఇచ్చే అనుమతి లేఖ కూడా అవసరం. ఇది వచ్చేందుకు కొన్ని వారాలు పట్టవచ్చు కనుక విమాన టికెట్ విషయంలో తొందరపడరాదు. కనీసం ఆరు నెలల కాలపరిమితి ఉన్న పాస్‌పోర్టు, ఫొటో, బ్యాంకు ఖాతా వివరాలు, విద్యార్హత పత్రాలు సిద్ధం చేసుకోవాలి. 2025 జనవరి 1 నుంచి థాయ్ ఈ-వీసా విధానం ప్రపంచవ్యాప్తంగా అమలులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసుల దరఖాస్తులు చెన్నైలోని థాయ్ కాన్సులేట్ జనరల్ పరిధిలోకి వస్తాయి. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోగా డిజిటల్ ఆగమన పత్రాన్ని ఆన్‌లైన్‌లో నింపాలి. 2025 మే 1న మొదలైన ఈ పత్రానికి రుసుము లేదు.

90 రోజులే కీలకం

ఏడాది కోర్సులో చేరినంత మాత్రాన ఏడాది నివాసానికి అనుమతి లభించదు. ఏక ప్రవేశ వీసాతో దిగినవారికి తొలుత 90 రోజులకే ముద్ర వేస్తారు. ఆ తర్వాత పాఠశాల ఇచ్చే పత్రాలతో ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో పొడిగింపు కోరాలి. భాషా పాఠశాలల విద్యార్థులకు సాధారణంగా ఒక్కో దఫా 90 రోజులు పొడిగిస్తారు. ప్రతిసారీ రుసుము 1,900 బాత్‌లు. ఈ లెక్కన మూడు పొడిగింపులకు 5,700 బాత్‌లు అవుతాయి. అధికారులు హాజరు పట్టికను పరిశీలించడమే కాక, థాయ్‌లో ప్రశ్నలు అడిగి చదివించే సందర్భాలూ ఉంటాయి. నెలలు గడిచినా నాలుగు వాక్యాలు పలకలేని విద్యార్థికి పొడిగింపు నిరాకరించవచ్చు.

ఇంటి యజమాని విదేశీయుడి నివాస వివరాలను 24 గంటల్లో అధికారులకు తెలపాలి. వరుసగా 90 రోజులకు మించి దేశంలో ఉన్నవారు చిరునామాను మళ్లీ నివేదించాలి. మధ్యలో స్వదేశానికి రావాలనుకుంటే పునఃప్రవేశ అనుమతి తీసుకోవాలి. ఒకసారికి 1,000, పలుమార్లు అయితే 3,800 బాత్‌లు చెల్లించాలి. ఇది లేకుండా సరిహద్దు దాటితే ఉన్న అనుమతి రద్దవుతుంది. ప్రక్రియను మొదటి నుంచి ప్రారంభించాల్సిందే.

ఉల్లంఘిస్తే..

గడువు మీరి ఉంటే రోజుకు 500 బాత్‌ల చొప్పున గరిష్ఠంగా 20,000 వరకు జరిమానా విధిస్తారు. 2016 మార్చి 20 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, గడువు ముగిశాక ఏడాదిలోపే పట్టుబడినా ఐదేళ్లపాటు ప్రవేశ నిషేధం తప్పదు. ఈడీ వీసా పనికి అనుమతి కాదు. వర్క్ పర్మిట్ లేకుండా పనిచేస్తే 5,000 నుంచి 50,000 బాత్‌ల జరిమానా, దేశ బహిష్కరణ ఉంటాయి.

దళారులతో జాగ్రత్త

‘తరగతులకు వెళ్లనక్కర్లేదు, వీసా మేమిప్పిస్తాం, అక్కడ ఉద్యోగం చూసుకోవచ్చు’ అనే మాటలే మోసానికి తొలి సంకేతం. థాయ్‌లాండ్‌లో కొలువుల పేరిట వెళ్లిన పలువురు భారతీయులను సరిహద్దు దాటించి మయన్మార్‌లోని సైబర్ మోసాల కేంద్రాలకు తరలించిన ఉదంతాలు తెలిసినవే. 2025 మార్చిలో 549 మందిని భారత వాయుసేన విమానాల్లో స్వదేశానికి తీసుకొచ్చారు. వారిలో తెలుగు రాష్ట్రాల యువకులూ ఉన్నారు. చదువుకు వెళ్లేవారు రుసుమును నేరుగా విద్యాసంస్థ ఖాతాకే చెల్లించి రసీదు పొందాలి. ఉద్యోగమే లక్ష్యమైతే విదేశాంగ శాఖ వద్ద నమోదైన ఏజెంట్లనే ఆశ్రయించాలి. పాస్‌పోర్టును ఎవరి చేతికీ అప్పగించరాదు. చేరిన సంస్థ చిరునామా, బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయ వివరాలను ఇంటివద్ద ఉన్న కుటుంబ సభ్యులకు ముందే ఇచ్చి వెళ్లడం శ్రేయస్కరం.