మట్టివాసన వెనుక

తొలకరి చినుకులకు, పేరులోనే బండ ఉన్న మన బోరబండలో కూడా కమ్మని మట్టివాసన లేస్తుంది కదా. స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి సూక్ష్మజీవులు చేసే జియోస్మిన్ వాసన అది. చెంచాడు మంచి మట్టిలో సూక్ష్మజీవులు కోట్లకొద్దీ ఉంటాయి. ఇరుకింట్లో అన్ని కాపురాలుంటే పోట్లాటలు తప్పుతాయా? ఒకదాన్నొకటి అణచడానికి అవి వదిలే రసాయనాల్లో కొన్ని మనకు మందులయ్యాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలు నడిపిన అమెరికా లెడర్లీ సంస్థ నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ కూడా పొలం మట్టిలోని జీవి ఇచ్చిందే.

అయితే ఆ మందులే అదేపనిగా నేలలో, నీళ్లలో కలుస్తుంటే లొంగేవి చచ్చి, లొంగనివి మిగులుతాయి. ఆ గుణాన్ని పక్కవాటికీ ఇస్తాయి, మనం పొరుగింటికి చేబదులు పంచదార ఇచ్చినట్టు! పటాన్‌చెరులో మందుల కర్మాగారాల మురుగును శుద్ధిచేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాములదాకా ఉందని 2007లో ఒక పరిశోధన బయటపెట్టింది. శుద్ధి చేశాక మాటండీ ఇది!

కర్మాగారాలు మన చేతిలో లేవు, సరే. పిల్లాడి జబ్బుకు తెచ్చిన యాంటిబయాటిక్ మాత్రలు మిగిలితే? సింకులో పారబోయకండి, కరివేపాకు కుండీలో పూడ్చకండి, పక్కింటావిడకు అసలే ఇవ్వకండి. డాక్టరు రాయనిదే కొనకండి. కుండీకి కూరగాయల తొక్కులు, ఎండుటాకులు, గుప్పెడు పాత మట్టి చాలు. కుళ్లబెట్టే పని ఆ జీవులే చూసుకుంటాయి.