రాత్రి కచేరీ – జేబు కెమెరా

శ్రీరామనవమి పందిళ్లలో పాటకచేరీ సాధారణముగా ప్రొద్దు గ్రుంకిన తరువాతనే మొదలగును. వేదికమీద నాలుగైదు దీపములు, వెనుక ముదురు రంగు తెర, ఎదుట గాయకుడు, ప్రక్కన ఫిడేలు, మృదంగము. ముందువరుసలోని శ్రోత ఒకడు జేబులోని చిన్న కెమెరా తీసి మీట నొక్కును. అతని కంటికి వృద్ధ గాయకుని నుదుటి ముడుతలు, కమాను కదలిక, మృదంగముమీద ఆడు వ్రేళ్లు అన్నియు స్పష్టముగా కనబడుచున్నవి. కాని ఇంటికి పోయి చూచుకొనగా ముఖమున్నచోట తెల్లని మచ్చ, చేయి ఉన్నచోట పొగవంటి చార, తెరనిండ రంగురంగుల ఇసుక చల్లినట్లు చుక్కలు! పందిరి మరుసటి సంవత్సరము కూడ వేయుదురు. ఎనుబది యేండ్ల విద్వాంసుడు మరల వచ్చి పాడునని ఎవరు చెప్పగలరు? పోయిన చిత్రము మరల దొరకదు. కావున ఆ చిత్రము ఎందుకు చెడినదో తెలిసికొనుట అవసరము.

కాంతి లెక్క

మిట్టమధ్యాహ్నపు ఎండలో వెలుతురు సుమారు 1,00,000 లక్సులు. దీపములు బాగుగా ఉన్న చిన్న వేదికమీద 500 లక్సులున్నవనుకొందము. అనగా ఎండలో రెండువందలవ వంతు మాత్రమే. కనుపాప విప్పారి, కంటిలోని తెర తన చురుకుదనమును పెంచుకొనుటచేత మనిషికి ఈ తేడా అంతగా తెలియదు. కెమెరాకు ఆ సౌకర్యము లేదు. దానికి ఉన్న ఉపాయములు మూడే: కటకపు ద్వారమును పెద్దది చేయుట, షట్టరును ఎక్కువసేపు తెరచి యుంచుట, ఐ.ఎస్.ఓ. అను సంఖ్యను పెంచుట.

ఐ.ఎస్.ఓ. 100, ద్వారము ఎఫ్/2.8 గా ఉంచినచో ఎండలో చిత్రమునకు సెకనులో 3,200వ వంతు చాలును. అదే అమరికతో మన వేదికమీద సెకనులో 16వ వంతు కావలెను. ఐ.ఎస్.ఓ. ను 800 చేసినచో అది 125వ వంతునకు తగ్గును. అయితే ఐ.ఎస్.ఓ. పెంచినంతమాత్రమున కెమెరాలోనికి అదనముగా ఒక్క కిరణము కూడ రాదు. వచ్చిన కొద్దిపాటి సంకేతము పెద్దది చేయబడును, అంతే.

ఇసుక ఎక్కడిది?

వెలుతురు ఫోటాన్లు అను విడివిడి రేణువులుగా వచ్చును. సన్నని జల్లు పడునప్పుడు పెరటిలో ఒకే కొలత గల గిన్నెలు వరుసగా పెట్టినచో, అన్నిటిలోను సరిగా అన్నే చినుకులు పడవు. ఒకదానిలో తొమ్మిది, మరియొకదానిలో పదమూడు పడవచ్చును. జోరువానలో గిన్నెలన్నియు దాదాపు సమముగా నిండును. కెమెరాలోని గ్రాహక ఫలకముమీది పిక్సెళ్లు ఈ గిన్నెల వంటివే.

ఈ హెచ్చుతగ్గులకు ఒక నియమమున్నది: సగటు ఎంతయో, తేడా దాని వర్గమూలమంత. ఒక పిక్సెలుపై 10,000 ఫోటాన్లు పడినచో తేడా 100, అనగా నూటికి 1 వంతు. అది కంటికి తెలియదు. 100 మాత్రమే పడినచో తేడా 10, అనగా నూటికి 10 వంతులు. చిత్రములో కనబడు ఇసుక ముఖ్యముగా ఇదియే. ఐ.ఎస్.ఓ. పెంచినప్పుడు చిత్రముతోపాటు ఈ ఇసుక కూడ పెద్దదగును.

సాధారణమైన జేబు కెమెరాలో గ్రాహక ఫలకము సుమారు 6.2 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. వెడల్పు ఉండును. పెద్ద కెమెరాలలో అది 36 మి.మీ., 24 మి.మీ. వైశాల్యమును లెక్కించినచో పెద్దది చిన్నదానికి సుమారు 30 రెట్లు. ద్వారపు సంఖ్య, తెరచిన కాలము రెండింటిలోను సమానమైనను చిన్న ఫలకమునకు దక్కు మొత్తము వెలుతురు ముప్పదవ వంతే. 2012లో సోనీ సంస్థ 13.2 మి.మీ., 8.8 మి.మీ. ఫలకమును జేబులో పట్టు కెమెరాలో అమర్చినది. అది చిన్న ఫలకమునకు నాలుగు రెట్లు. కెమెరా కొనువారు మెగాపిక్సెళ్ల సంఖ్యకంటె ముందుగా విచారింపవలసినది ఈ కొలతనే.

పెద్ద ద్వారపు విలువను లోకము చాలకాలము క్రిందటనే గుర్తించినది. 1924లో జర్మనీలో ఎర్మనాక్స్ అను చిన్న కెమెరా ఎఫ్/2 కటకముతో వెలువడినది. ఎరిక్ సాలమన్ అను ఛాయాచిత్రకారుడు దానితో 1928 నుండి న్యాయస్థానములలోను, అంతర్జాతీయ సమావేశములలోను, మెరుపు దీపము వెలిగింపకుండ, ఉన్న వెలుతురులోనే చిత్రములు తీసి ప్రసిద్ధి కెక్కెను.

దూరము, జూము

వెనుకవరుసలో కూర్చుండి జూముతో ముఖమును దగ్గరకు తెచ్చుకొనవచ్చునని చాలమంది తలంతురు. చిన్న కెమెరాలలో జూము పెంచిన కొలది ద్వారము ఇరుకగును. ఎఫ్/2.8 నుండి ఎఫ్/5.6 కు మారినచో వెలుతురు నాలుగవ వంతునకు పడిపోవును. పైగా చేతి వణుకు కూడ ముఖముతోపాటు పెద్దదై కనబడును. కావున జూముకంటె ముందువరుసలో చోటు మేలు.

మెరుపు దీపము కూడ దూరముతో బలహీనమగును. దూరము ఎన్ని రెట్లు పెరిగిన, వెలుతురు ఆ సంఖ్య వర్గమును బట్టి తగ్గును. 3 మీటర్లలో చాలిన మెరుపు 15 మీటర్ల దూరమున 25వ వంతు మాత్రమే. అది వేదికను చేరదు. ముందున్నవారి తలలను తెల్లగా చేయును, పాడువారి ఏకాగ్రతను చెరచును. దానిని ఆర్పి యుంచుటయే మర్యాద, లాభము కూడ.

కదలిక ఆగు క్షణము

సెకనుకు 1 మీటరు వేగముతో కదలు చేయి, 15వ వంతు సెకనులో సుమారు 7 సెం.మీ. జరుగును; 125వ వంతులో 8 మి.మీ. మాత్రమే. కెమెరాలోని వణుకు నివారణ యంత్రము తీయువాని చేతి వణుకును సరిచేయునే గాని, ఫిడేలు వాయించువాని చేతి కదలికను ఆపలేదు.

అయితే సంగీతములోనే ఒక సహాయమున్నది. ఊయెల కొసకు చేరినప్పుడు క్షణకాలము ఆగి వెనుకకు మరలును. కమాను కూడ అట్లే: ఒక దిక్కునుండి మరియొక దిక్కునకు తిరుగునప్పుడు దాని వేగము ఒక క్షణము సున్న యగును. మృదంగముపై దెబ్బకు లేచిన చేయి పైకొసను ఆగును. గాయకుడు కార్వై పట్టి ఒకే స్వరముమీద నిలిచినప్పుడు ముఖము కూడ నిలుచును. తాళము తెలిసిన శ్రోత ఈ క్షణమును ముందుగనే పసిగట్టి మీట నొక్కగలడు.

తెర, రంగు దీపములు

కెమెరాలోని కాంతిమాపకము తన ఎదుట ఉన్నదంతయు సగటున మధ్యరకపు బూడిదరంగు అనుకొనును. వెనుక నల్లని తెర ఉన్నచో, ‘వెలుతురు చాలదు’ అని షట్టరును మరింతసేపు తెరచును. ముఖము తెల్లని మచ్చ యగుటకు కారణమిదే. కాంతి సవరణను ఒక మెట్టు తగ్గించినచో, అనగా -1 చేసినచో, ముఖము చక్కబడును. షట్టరు కాలము కూడ సగమగును.

రంగు దీపములతో మరియొక చిక్కు. సాధారణముగా గ్రాహక ఫలకముపై సగము పిక్సెళ్లు ఆకుపచ్చకు, నాలుగవ వంతు ఎరుపునకు, నాలుగవ వంతు నీలమునకు కేటాయింపబడినవి. వేదికమీద శుద్ధమైన నీలి కాంతి మాత్రమే ఉన్నచో నాలుగింట మూడు వంతుల పిక్సెళ్లు దాదాపు పనిలేక ఉండును. తెల్లని దీపము వెలుగువరకు వేచియుండుట మేలు.

ఆచరణలో

మెరుపు దీపమును ఆర్పి, జూమును పూర్తిగా తగ్గించి, ఐ.ఎస్.ఓ. ను 800 గాని 1600 గాని చేసి, మోచేతులను ప్రక్కలకు ఆనించి, వీలైనచో పందిరి స్తంభమునకు చేరగిలి, శ్వాస వదలుచు మీట నొక్కవలెను. ఒకే క్షణమున వరుసగా నాలుగైదు తీసినచో ఒకటైనను నిలుకడగా వచ్చును. నేటి చేతిఫోనులు పలు చిత్రములను ఒకదానిపై ఒకటి చేర్చి సగటు తీయును. తొమ్మిది చిత్రముల సగటులో ఇసుక మూడవ వంతునకు తగ్గును. కాని కదలు చేతికి ఆ సహాయము అంతగా అక్కరకు రాదు.

కొద్దిపాటి ఇసుక మిగిలినను చింత లేదు. ముఖము నిలిచి, చేయి నిలిచి, పాడువాని భావము నిలిచిన చిత్రమును ఆ ఇంటివారు తరతరములు దాచుకొందురు. ఇసుక లేక, అంతయు చెదరిన చిత్రము మాత్రము ఎవరికిని అక్కరలేదు.