కాళ్లు మంచిగున్న పిల్లకు ఆ పందెమెందుకు?

2024 సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో వరంగల్ జిల్లా పిల్ల దీప్తి జీవాంజికి కాంస్యం వచ్చిందని కట్టంగూర్‌లో మా ఇంట్లో చెప్పినప్పుడు, నాయిన చేతిలో ముద్ద ఆపి అడిగిండు: "పిల్ల మంచిగనే ఉరుకుతున్నది గద! చక్రాల కుర్చీలోళ్ల పందేలల్ల ఈమెకేం పని?" బి.ఎస్సీ. చదువుతున్న నాకు జవాబు తెలియలేదు. సిగ్గేసింది. తరువాత చదివి తెలుసుకున్నది మిత్రులకు చెబుతున్నాను.

పారా పరుగులలో అందరినీ ఒకే గీత మీద నిలబెట్టరు. 'టి' అంటే ట్రాక్. పక్కనున్న అంకె లోపాన్ని తెలుపుతుంది. చూపు లోపమున్నవారు టి-11 నుండి 13. చక్రాల కుర్చీలో పరుగు తీసేవారిలో ఎక్కువమంది టి-51 నుండి 54. దీప్తిది టి-20, అనగా బుద్ధి వికాసంలో లోపం. ఐ.క్యూ. 75 దాటరాదు.

నాయిన అనుమానం ఉత్తది కాదు. 2000 సిడ్నీలో ఈ వర్గంలో స్వర్ణం గెలిచిన స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో 12 మందికి 10 మందికి ఏ లోపమూ లేదని బయటపడింది. ఎవరో చేసిన పాపానికి నిజంగా లోపమున్నవారు 2012 లండన్ దాకా బయటే ఉండిపోయారు.

మరి 400 మీటర్లలో బుద్ధితో పనేమిటి? ఉన్న దమ్మును ఎక్కడెంత ఖర్చు చేయాలన్నదే అందులో అసలు లెక్క. లేన్లలో ముందువెనుకలుగా నిలబడి మొదలుపెడతారు గనుక, ఎవరు ముందున్నారో చివరి మలుపు దాకా తేలదు. ఆ లెక్క దీప్తి సాధనతో ఒంటికి నేర్పింది. కోచ్ నాగపురి రమేష్ శిక్షణలో 2023 హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో 56.69 సెకన్లతో స్వర్ణం. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 55.07తో ప్రపంచ రికార్డు. పారిస్‌లో 55.82. అక్కడ స్వర్ణం 55.16కే వచ్చింది. అంటే కోబె పరుగు పారిస్‌లో పరుగెత్తితే స్వర్ణమే! తేడా ఐదు మీటర్లు కూడా లేదు. కాంస్యం వెనుక ఇంత ఉన్నది.

పర్వతగిరి మండలం కల్లెడలో ఈ పిల్లను కొందరు 'పిచ్చిది' అన్నారట, అనాథాశ్రమంలో వేయమన్నారట. రెక్కాడితే గాని డొక్కాడని తల్లిదండ్రులు వినలేదు. కుటుంబం గడవక అమ్ముకున్న భూమిని, హాంగ్‌ఝౌ స్వర్ణానికి వచ్చిన డబ్బుతో దీప్తి తిరిగి కొనిపెట్టింది.

ఇదంతా నాయినకు చెప్పాను. వర్గాలు, అంకెలు ఊకొడుతూ విన్నడు. చివరికి ఒక్కటే అడిగిండు.

"అమ్మిన భూమి మళ్ల కొన్నదా?"

"కొన్నది నాయినా."

"మరి బుద్ధి తక్కువని ఎవరన్నర్రా?"