కారణము తెలుపని ఉత్తరము

సికింద్రాబాదు నుండి కరీంనగరము పోవు మార్గమున తిరుమలగిరి, అల్వాలు దాటిన పిమ్మట హకీంపేట వైమానిక స్థావరము, ఆపైన తూముకుంట, శామీర్‌పేట వచ్చును. నాగపురము బాటన మేడ్చల్ కలదు. సైన్యమున కొలువుచేసి వచ్చినవారనేకులు ఈ ప్రాంతమున కాపురముందురు. వారి ఇండ్లకు వచ్చు సర్కారు ఉత్తరములలో ఒక్కొక్కటి బ్రతుకునే మార్చగలదు.

కొలువులో గాయపడి గాని జబ్బుపడి గాని తిరిగివచ్చిన సైనికునకు వైకల్యపు పింఛను కలదు. అయినను అది అడిగినంతనే రాదు. ఆ వైకల్యము సేవవలన కలిగినదో, సేవవలన ముదిరినదో కావలెను. వైద్యమండలి పరీక్షించి తన అభిప్రాయమును వ్రాయును. "సేవతో సంబంధము లేదు" అని ఒక్క పంక్తి ఉత్తరము వచ్చినచో ఆ సిపాయి ఏమి చేయగలడు? ఎందువలన కాదనిరో, ఎవరికి మొరపెట్టుకొనవలెనో, గడువెంతయో తెలియకున్నచో హక్కు ఉండియు లేనట్లే.

ధరంవీర్ సింగ్ అను సిపాయి కథ ఇట్టిదే. అతడు 1985లో సైన్యపు సిగ్నల్ విభాగమున చేరెను. చేరునాడు అతనికి జబ్బున్నట్లు ఎవరును వ్రాసియుండలేదు. 1994లో మూర్ఛవ్యాధి కలదని అతనిని పంపివేసిరి. వైకల్యము నూటికి ఇరువది పాళ్లని వైద్యమండలి లెక్కగట్టెను గాని, అది శరీరతత్త్వమునకు చెందినదే యని, సేవకు సంబంధించినది కాదని తేల్చెను. అట్లనుటకు కారణము వ్రాయలేదు. పింఛను రాలేదు. 2013 జులై 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను: చేరునప్పుడు జబ్బు నమోదు కానిచో అతడు ఆరోగ్యవంతుడనియే భావింపవలెను, పిదప వచ్చిన జబ్బు సేవవలన కాదనువారే కారణములు చూపవలెను, నిరూపించు భారము సిపాయిది కాదు. ఆ కారణము నాడే వ్రాసియుండినచో పందొమ్మిదేండ్ల నిరీక్షణ తప్పెడిది కాదా!

ఈ తీర్పునకు ఆధారము 1982 నాటి నియమములు. 2023 సెప్టెంబరు 21 తరువాత కొలువు విడుచువారికి కొత్త నియమములు వచ్చినవి. కావున ఏ తేదీన కొలువు విడిచెనో మొదట చూచుకొనవలెను.

2005 నాటి సమాచారహక్కు చట్టము మరొక మేలు చేసినది. ప్రభుత్వ కార్యాలయము తన నిర్ణయమునకు గల కారణములను దానివలన ప్రభావితులైనవారికి తెలుపవలెనని అందు కలదు. వైద్యమండలి పత్రముల నకళ్లను అర్జీ పెట్టి అడుగవచ్చును. ఇయ్యమనువారు, ఏల ఇయ్యరో, ఎవరికి ఎన్నాళ్లలో అప్పీలు చేయవలెనో వ్రాసి తెలుపవలెను. 2007 చట్టముచే ఏర్పడిన సాయుధదళముల ట్రిబ్యునలునకు పోవలెనన్నచో తుది ఉత్తర్వునాటి నుండి సాధారణముగా ఆరుమాసములు గడువు.

అమెరికాలో 2000వ సంవత్సరపు చట్టము ఇంకను ముందడుగు వేసినది. మాజీసైనికుని అర్జీ అందగానే ఏ సాక్ష్యము కావలెనో, అందు ప్రభుత్వము తెచ్చునదేదో, అతడు తేవలసినదేదో తెలుపవలెను. కాదన్న పిమ్మట కారణము చెప్పుటకంటె ఇది మేలు.

శామీర్‌పేటవాడు సైన్యపు ఆర్డినెన్సు విభాగమున పనిచేసియున్నచో అతని సేవాపత్రముల కార్యాలయము సికింద్రాబాదులోనే యున్నది. సిగ్నల్ విభాగమువాడైనచో జబల్పూరునకు వ్రాయవలెను. దారి తెలియనివారికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము సాయపడును. అచటికి పోవునపుడు ఉత్తరముతోపాటు అది వచ్చిన కవరును కూడ తీసికొనిపోవలెను. తపాలా ముద్రలోని తేదీ దానిపైననే యుండును.