సహోద్యోగినుల ప్రస్తావన – భాషా మర్యాద

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు పెద్దలు. ఎదుట ఉన్నవారితో మాట్లాడే తీరులో కంటె, ఎదుట లేనివారిని ప్రస్తావించే తీరులోనే మనిషి సంస్కారం ఎక్కువగా వెల్లడి అవుతుంది. నేడు పాఠశాలలో, బ్యాంకులో, ఆసుపత్రిలో, మండల కార్యాలయంలో స్త్రీలు పురుషులతో సమానంగా బాధ్యతలు నిర్వహిస్తున్నారు. వారిని గురించి మనం వాడే భాష ఆ సమానతకు తగినట్లు ఉన్నదా అన్నది ఆలోచించవలసిన విషయం.

తెలుగులో మర్యాద క్రియాపదం చివర నివసిస్తుంది. ఏకవచనంలో ‘రాముడు వచ్చాడు’, ‘సీత వచ్చింది’, ‘బండి వచ్చింది’ అంటాం. అనగా స్త్రీకీ, ప్రాణం లేని వస్తువుకూ క్రియారూపం ఒక్కటే. బహువచనంలో ఈ స్థితి మారుతుంది: ‘పురుషులు వచ్చారు’, ‘స్త్రీలు వచ్చారు’, ‘బండ్లు వచ్చాయి’. చిన్నయసూరి గారు బాలవ్యాకరణంలో పురుషవాచకాలను మహత్తులుగా, తక్కినవాటిని అమహత్తులుగా విభజించి, స్త్రీవాచకాలు బహువచనంలో మహత్తులతో సమానమని చెప్పారు. మన గౌరవవచనం ఈ బహువచనమే గనుక, ‘వచ్చారు’ అన్న ఒక్క మాటతో స్త్రీపురుష భేదం తొలగిపోతుంది.

అయితే వాడుకలో జరుగుతున్నదేమి? ‘లెక్కల సారు వచ్చారు, ఇంగ్లీషు మేడం వచ్చింది’ అనే వాక్యం మనకు అలవాటైనదే. ఆత్మకూరు పరిసరాల నుడిలో చెప్పాలంటే సారు ‘వచ్చిండ్రు’, మేడం ‘వచ్చింది’. చదువు ఒక్కటే, ఉద్యోగం ఒక్కటే. క్రియలు మాత్రం రెండు! ‘వచ్చింది’ అనడం దానంతట అది దూషణ కాదు. తల్లిని, అక్కను ప్రేమతో అలాగే అంటాం. అది ఇంటి చనువు. ఒకే వాక్యంలో ఒకరికి గౌరవవచనం, మరొకరికి ఏకవచనం వాడినప్పుడే అన్యాయం జరుగుతుంది. పనిమీద వచ్చిన మనిషి అధికారిణి ఎదుటనే నిలబడి ‘సారు ఎక్కడ?’ అని అడగడానికి ఇటువంటి మాటలే పునాది.

ఉర్దూలోనూ ఇదే నీతి కనిపిస్తుంది. ‘ఆయీ హై’, ‘ఆయీ హైఁ’ అన్న మాటల మధ్య భేదం చిన్న అనునాసికమే; గౌరవమంతా ఆ అనునాసికంలోనే ఉన్నది. పేరు చివర ‘సాహెబా’ చేర్చి, క్రియలో దానిని విడిచిపెడితే మర్యాద సగమే అవుతుంది.

పేర్కొనే పదాలలోనూ జాగ్రత్త అవసరం. తోటి గుమాస్తాను ‘ఆ అమ్మాయి’ అనడం, వైద్యురాలిని ‘లేడీ డాక్టరు’ అనడం వృత్తికంటె లింగాన్ని ముందు నిలుపుతాయి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు స్త్రీలను గురించిన మూసభావాలను తొలగించేందుకు న్యాయవాదులకు, న్యాయమూర్తులకు ఒక కరదీపికను వెలువరించింది. ‘కెరీర్ వుమన్’ అనకుండా ‘స్త్రీ’ అంటే చాలునని అందులో సూచించింది. పనిచేసే చోట అసభ్య వ్యాఖ్యలను 2013 నాటి చట్టం లైంగిక వేధింపుగా పరిగణిస్తుంది. కాని చట్టం ఆరంభమయ్యే చోటనే మన సభ్యత ఆరంభం కారాదు. అంతకు ఎంతో ముందే ఆరంభం కావాలి.

విద్యార్థులారా! ఇందుకు వ్యాకరణ పాండిత్యం అక్కరలేదు. సహోద్యోగి పేరు, సహోద్యోగిని పేరు ఒకే వాక్యంలో ఉంచి చూడండి. ఇద్దరికీ ఒకే క్రియ సరిపోతే ఆ వాక్యం మర్యాదగలది. రేపు మీరు ఏ కార్యాలయంలో అడుగుపెట్టినా ఈ చిన్న పరీక్షను వెంట తీసుకొని వెళ్ళండి.