కుడివైపు నిలబడండి!

వేసవికి ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చారంటే మనవాళ్లు ముందుగా చేసే పని ట్యూబ్ ఎక్కించడం. పెద్దవాళ్లకు రైలంటే బెరుకుండదు. బెరుకంతా ఎస్కలేటర్ దగ్గరే! హైదరాబాద్ షాపింగ్ మాల్‌లో ఎక్కిన అలవాటున్నా, ఏంజెల్ స్టేషన్‌లో పైనుంచి కిందికి చూస్తే కాలు ముందుకు పడదు.

ట్యూబ్‌లో అన్నిటికన్నా పొడవైన ఎస్కలేటర్ ఇక్కడిదే. పొడవు 60 మీటర్లు, ఎత్తు 27 మీటర్లు. ఒక కొసన ఎక్కి రెండో కొసన దిగేసరికి నిమిషం దాటుతుంది. 1992లో పాత లిఫ్టులు తీసేసి వీటిని పెట్టారు.

ట్యూబ్‌కి ఎస్కలేటర్ 1911లో ఎర్ల్స్ కోర్ట్ స్టేషన్‌తో వచ్చింది. తర్వాత చాలాకాలం చెక్క మెట్లే వాడారు. ఆ చెక్కే కొంప ముంచింది. 1987 నవంబర్ 18 సాయంత్రం కింగ్స్ క్రాస్‌లో ఎవరో పారేసిన అగ్గిపుల్ల మెట్టు పక్క సందులోంచి జారి, ఏళ్ల తరబడి పేరుకున్న గ్రీజు, చెత్త మీద పడింది. మొదట చిన్న మంటే. అది వాలు వెంట మెట్లను అంటిపెట్టుకుని పాకి, ఒక్కసారిగా టికెట్ హాల్లోకి ఎగదన్నింది. 31 మంది చనిపోయారు. మంట నిటారుగా లేవకుండా అలా పాకగలదని దర్యాప్తులో కంప్యూటర్ లెక్కలు, నమూనా ప్రయోగాలు చేశాకే తేలింది. భూగర్భ స్టేషన్లలో చెక్క మెట్లు తీసేశారు. నేలపైనున్న గ్రీన్‌ఫోర్డ్‌లో మాత్రం 2014 దాకా ఉన్నాయి.

ఇక కుడివైపు నిలబడి, ఎడమవైపు నడిచేవాళ్లకి వదిలే పద్ధతి. 2015లో హోబోర్న్ స్టేషన్‌లో మూడు వారాలు రెండువైపులా నిలబడమన్నారు. రద్దీ వేళ సుమారు 30 శాతం ఎక్కువ మంది పైకి చేరారు! అంత ఎత్తు నడిచి ఎక్కే ఓపిక కొద్దిమందికే గనక ఎడమవైపు ఊరికే ఖాళీగా ఉండేదన్నమాట. అయినా లండన్ వాళ్లు విసుక్కున్నారు, పాత అలవాటే నిలిచింది. మన ఊళ్లో క్యూ గురించి పాఠాలు చెప్పేవాళ్లు ఇది గమనించాలి.

అమ్మగారికి ఎక్కేముందే చీర కుచ్చిళ్లు, కొంగు కాస్త పైకి పట్టుకోమని చెప్పండి. పక్కనుండే బ్రష్‌లు చాలామంది అనుకున్నట్టు బూట్లు తుడుచుకోవడానికి కావు, కాలు అంచుకి ఆనకుండా ఉండడానికి. బట్ట ఇరుక్కుంటే లాగుతూ కూర్చోకుండా ఎర్ర బటన్ నొక్కమని అరవండి. మోకాళ్ల నొప్పులుంటే ఏంజెల్‌లో దిగకండి. పక్క స్టేషన్ కింగ్స్ క్రాస్‌లో ఇప్పుడు లిఫ్టులున్నాయి, అక్కణ్ణుంచి బస్సు ఎక్కవచ్చు.