క్రొత్త పట్టా భూమి : మొదటి యేటి పని

బంజరు భూమికి పట్టా పొందిన సభ్యులు మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: “ఏ పంట వేయమందురు?” దీనికి మేము వెంటనే జవాబు చెప్పము. పంట మాట తరువాతది. హద్దెక్కడ, నేల యెట్టిది, వాన నీరు ఎటు పోవుచున్నది, తుమ్మ యెంత పాతది అని చూడక విత్తు చల్లినవారికి విత్తులు కూడ తిరిగి రాకపోవుట మేము పలుమాఱులు చూచియున్నాము.

రైతు సోదరులు, సోదరీమణులు ఒక సంగతి మనస్సునందుంచుకొనవలెను. ఊరిలోని మంచి భూమిని మన పూర్వులెప్పుడో దున్నుకొనిరి. నేడు పట్టాగా వచ్చునది వారు వద్దని విడిచినది: రాతిగుట్ట వాలు, చౌడు పఱ్ఱ, వాగు కోసివేసిన గట్టు. ఇట్టి నేల మొదటి యేడు తన పెట్టుబడిని తాను ఇయ్యదు. ఇచ్చునని నమ్మి అప్పు చేసినవారు రెండవ యేట కౌలు పేరనో, నోటిమాట కుదువ పేరనో పొరుగువారికి అప్పగించి, తమ భూమిలో తామే కూలికి పోవుచున్నారు.

ఇట్లు జరుగకుండుటకే 1977 వ సంవత్సరమున అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టము చేయబడినది. దాని ప్రకారము భూమిలేని పేదకు ప్రభుత్వమిచ్చిన భూమిని అమ్ముట, కుదువ పెట్టుట, కౌలుకిచ్చుట చెల్లదు. కొన్నవానికి హక్కు రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 లో చేసిన సవరణ, పట్టా పొంది 20 ఏండ్లు నిండిన అసలు పట్టాదారులకు వెసులుబాటు కల్పించినది గాని, క్రొత్తగా భూమి పొందినవారికి అది వర్తింపదు. ఐతే ఆ చట్టమునందే మనకు ముఖ్యమగు మినహాయింపు ఒకటి యున్నది. సహకార సంఘమునకును, షెడ్యూలు బ్యాంకునకును చేసిన తనఖాకు ఆ నిషేధము లేదు. కావున పట్టాదారునకు అప్పు పుట్టు న్యాయమైన చోటు సంఘమే. వడ్డీవ్యాపారి గడప త్రొక్కి పట్టా కాగితము వాని పెట్టెలో పెట్టవలసిన పని లేదు.

ఇక హద్దు. కాగితముమీద సర్వే నంబరు, విస్తీర్ణము ఉండును. నేలమీద అవి కనబడవు. సర్వేయరును పిలిపించి, కొలతల పటము నకలు తీసుకొని, రాళ్ళు పాతించుకొననిదే గడ్డపాఱ ముట్టకూడదు. కొలత చూచుకొనుట కష్టము కాదు. 66 అడుగుల గొలుసుతో 10 చదరపు గొలుసులు ఒక యెకరము. చదరముగా నున్న యెకరమునకు ప్రక్క యొక్కటికి సుమారు 209 అడుగులు వచ్చును. రాయి పాతునపుడు నలుప్రక్కల పొరుగువారిని పిలువుడు. వారు రానిచో కబురంపిన సంగతి గ్రామ అధికారికి తెలుపుడు. హద్దు తగవు పంట పండిన పిమ్మటనే పుట్టును. బీడుగా నున్నంతకాలము ఎవరును రారు.

మా ప్రాంతపు ఎఱ్ఱనేలలలో అన్నిటికంటె పెద్ద పని సర్కారు తుమ్మ. ఈ చెట్టు మన దేశపుది కాదు. 1877 ప్రాంతమున నాటి మద్రాసు రాజధాని అటవీశాఖవారు విత్తనములు తెప్పించి, కడప జిల్లా కమలాపురము వద్ద మెట్ట నేలలో వంటచెఱకు కొఱకు పెంచిరి. వంటచెఱకు దొరికినది, దానితోపాటు బీడులన్నియు దాని వశమైనవి. మేకలును పశువులును కాయలు తిని, పేడతో విత్తులను ఊరంతయు చల్లుచుండును.

ఒక ముసలి సభ్యురాలు తన రెండెకరములు చూపి మాతో ననినది: “నరికితే సచ్చిపోతాదనుకుంటి నాయనా, నరికేకొద్దీ గుబురైతాంది.” “అవ్వా, నువ్వు నరికింది కొమ్మనే. మొదలు నేలలోనే ఉంది” అని మేము త్రవ్వి చూపితిమి. నేలమట్టమునకు జానెడు లోతున, వేరును మ్రానును కలియుచోట బుడిపె వంటి దుబ్బు ఉండును. చిగుళ్ళన్నియు అచ్చటనుండియే వచ్చును. దానికి దిగువ, అనగా అడుగు లోతున, వేరును తెగగొట్టినచో చెట్టు మరల లేవదు. పైన ఎంత నఱికినను ఒక్క మ్రాను స్థానమున పది మ్రాకులు లేచును.

ఈ పని తొలకరికి ముందు పడు వేసవి వానలకు నేల నానినపుడు చేసిన సగము శ్రమ తగ్గును. బొగ్గు కాల్చువారికి చెట్లు ఇచ్చునపుడు బేరములో మొద్దులు పెకలించుట కూడ చేర్చుకొనవలెను. వారు నేలమట్టముగా కోసికొని పోయినచో మ్రాను వారికి, మొద్దు మనకు మిగులును. జేసీబీ పెట్టించువారు దాని తొట్టి మొద్దువద్దనే దిగునట్లు ప్రక్కన నిలిచి చూచుకొనవలెను. యంత్రము నడుపువానికి గంటల లెక్క. మనకు పైమట్టి లెక్క. ఎఱ్ఱనేలలో సత్తువ గల మట్టి పైన జానెడే. దానిని క్రిందికి త్రోసి మొరపమును పైకి తెచ్చిన పొలమును బాగుచేయుటకు ఏండ్లు పట్టును. కంపను పొలమంతట పఱచి కాల్చవలదు. బండమీదనో, ఒక మూలనో పోగువేసి కాల్చుడు. హద్దున మొలచిన వేపను, కానుగను మాత్రము కొట్టవలదు. కానుగ రొట్టకు సాటివచ్చు ఎరువు ఉచితముగా మఱెక్కడను దొరకదు.

పుట్టల విషయమున పెద్దలు జంకుదురు. నాగులచవితికి పాలు పోయు పుట్టను త్రవ్వుమని మేము చెప్పుట లేదు. దానిని గట్టులో కలుపుకొని విడిచిపెట్టవచ్చును. తక్కిన చెదపుట్టలను మాత్రము లోపలి రాణిచెద దొరకువఱకు త్రవ్వవలెను. క్రొత్త నేలలో కుళ్ళని వేరుముక్కలు మెండు. చెదలకు అదియే ఆహారము. అది యైన పిమ్మట అవి పైరు మొదళ్ళకు వచ్చును. వేరుముక్కలు ఏఱివేయుట పిల్లల పని యని త్రోసివేయకుడు.

నేలను తెలిసికొనుటకు మూడడుగుల గుంట యొకటి త్రవ్వి చూడుడు. మట్టి యెంత లోతు, రాయి యెక్కడ తగులుచున్నది కన్నులకే తెలియును. మట్టి పరీక్షకు పొలమున ఎనిమిది పది చోట్ల 6 అంగుళముల లోతువఱకు వి ఆకారపు గుంట తీసి, అంచు మట్టి గీకి, అంతయు కలిపి అరకిలో పంపవలెను. గట్టు ప్రక్కను, కంప కాల్చిన చోటను తీయరాదు. తెల్లగా పెట్లిన చౌడైనచో మంచినీరు నిలిపి, ఉప్పును కరిగించి కాలువ గుండ వెడలించినచో తగ్గును. నల్లగా, జిగటగా, నీరింకక యుండు కారు చౌడునకు అది చాలదు. పరీక్షలో చెప్పిన కొలతకు జిప్సము చల్లి దున్ని, నీరు పెట్టి, పిమ్మట జీలుగ వేయవలెను. రెండును ఒకటే యని ఒకే మందు వాడి డబ్బు పాడుచేసికొన్నవారు కలరు.

నీటి లెక్క చెప్పెదము. ఒక యెకరముమీద ఒక అంగుళము వాన పడినచో అది లక్ష లీటర్లకు పైమాట. వాలు పొలములో గట్టులేనిచో ఇందు ఎక్కువ భాగము గంటలోపల వాగున పడును, మట్టిని వెంటబెట్టుకొని పడును. కావున దుక్కికి ముందే వాలునకు అడ్డముగా గట్లు వేయవలెను. మట్టము చూచుటకు పరికరములు అక్కఱలేదు. తెల్లని ప్లాస్టికు గొట్టములో నీరు పోసి, రెండు కొసలు ఇద్దఱు పట్టుకొని నిలిచినచో రెండుచోట్లను నీరు ఒకే మట్టమున నుండును. ఆ గుర్తుల వెంట గట్టు సాగవలెను. గట్టునకు మరవ విడిచి, దానికి రాయి పేర్చుడు. మరవ లేని గట్టు మొదటి పెద్ద వానకే తెగును, తెగినచోట గండి పడును.

ఇప్పుడు అప్పు సంగతి. మేమెఱిగిన ఒక గ్రామమున ఇద్దఱికి ప్రక్కప్రక్కనే ఐదేసి యెకరములు వచ్చెను. మొదటివాడు పంట ఋణము తెచ్చి, యంత్రముతో ఐదెకరములును చదును చేయించి, వేరుసెనగ వేసెను. పైరు నడుమ తుమ్మ లేచెను. గట్లు లేని వాలున పైమట్టి కొట్టుకొనిపోయెను. కాయను చెద కొట్టెను. కోతనాటికి తీర్పవలసిన అప్పు తీఱలేదు. రెండవవాడు ఒక్క యెకరమే మొద్దులు తీసి, గట్లు వేసి, ఉలవలు చల్లెను. గింజ కొంచెమే వచ్చినను పొట్టు ఎద్దులకు సరిపోయెను. మఱుసటి యేడు రెండవ యెకరము. మూడేండ్లకు ఆతని మూడెకరములు దుక్కికి వచ్చినవి. మొదటివాని భూమి నేడు మరల తుమ్మయే. ఆతడు సోమరి కాడు. ఊరిలో ఆతనికంటె కష్టపడువారిని మేము చూడలేదు. చెడినది లెక్క. గట్టు, మొద్దు, చదును అనునవి పదేండ్లు పనికివచ్చు పనులు. వానికి దీర్ఘకాలిక ఋణము అడుగవలెను. ఆరునెలలలో తీర్పవలసిన పంట ఋణముతో వానిని చేయరాదు. మా సంఘములోని కార్యదర్శులు కూడ ఈ భేదమును సభ్యునకు విడమఱచి చెప్పక దరఖాస్తుపై వేలిముద్ర తీసికొనుట మాకు నచ్చదు.

మొదటి యెకరమును వేసవి వానకే వాలునకు అడ్డముగా దున్నుడు. తుంగగడ్డలును గరికయు ఎండకు తేలి ఎండవలెను. గరిక యున్నచోట రోటవేటరు దింపకుడు. అది గరికను ముక్కలు చేయును, ముక్కముక్కయు మొలచును. గొఱ్ఱు తోలి, దంతెతో లాగి, గట్టుమీద ఎండవేయుడు. మృగశిర, ఆర్ద్ర కార్తెల వానలకు జనుమో, పిల్లిపెసరయో చల్లి, పూతకు వచ్చినపుడు కలియదున్నవలెను. వాన వెనుదీసినచో కోసి పశువులకు వేయవచ్చును గనుక నష్టము లేదు. రొట్ట కుళ్ళిన పిమ్మట పుబ్బ, ఉత్తర కార్తెలలో ఎకరమునకు 8 మొదలు 10 కిలోల ఉలవలు చాలును. మొలకలు మొదట పసుపుపచ్చగా నున్నచో బెదరకుడు: కుళ్ళుచున్న వేళ్ళు నేలలోని నత్రజనిని కొంతకాలము పట్టి యుంచును, పిమ్మట తిరిగి యిచ్చును.

వేసవిలో చెఱువు ఎండినపుడు ఒండ్రుమట్టి తోలించుట మన పెద్దల నాటి పద్ధతి. తెలంగాణములో 2015 లో ఆరంభమైన మిషన్ కాకతీయలో చెఱువుల పూడిక తీసి ఆ మట్టిని పొలములకు తోలిరి. ఎకరమున అంగుళము మందము పఱచుటకు 103 ఘనపు మీటర్లు కావలెను గనుక ఒక్క యేటనే అంతయు కాదు. ఏటేట కొంత, మట్టి పలుచగా నున్నచోట ముందు. గొఱ్ఱెల కాపరులు ఊరికి వచ్చినపుడు మంద కట్టించుకొనుడు. మంద లేచిన మఱునాడే దున్నవలెను. ఎండకు వదలినచో సారము గాలిలో పోవును.

మొదటి యెకరమున ఉలవ కోసిన పిమ్మట, పశువులు బీడున తిరుగుటకు ముందే, రెండవ యెకరములోని తుమ్మకాయలను ఏఱించి కాల్చివేయుడు. దున్నిన యెకరమున తుమ్మ మొలకలు రెండు మూడేండ్లు వచ్చుచునే యుండును. జానెడెత్తున నున్నపుడు వానను నానిన నేలలో చేతితో పెఱికిన వచ్చును, మోకాలెత్తు పెరిగినచో గడ్డపాఱ కావలెను.